పాత పల్ప్ నేర నవలలు మళ్లీ అచ్చులోకి: హార్డ్ కేస్ క్రైమ్ చేస్తున్న పని మీద చర్చ

ఏటిగట్టు (చర్చ ప్రారంభం)

మిత్రులకు నమస్కారం. చార్లెస్ ఆర్డై, మాక్స్ ఫిలిప్స్ అనే ఇద్దరు అమెరికన్ రచయితలు కలిసి ప్రారంభించిన హార్డ్ కేస్ క్రైమ్ ప్రచురణల గురించి ఇక్కడ వివరంగా మాట్లాడుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. తొలి పుస్తకాలు రెండూ 2004 సెప్టెంబరులో వెలువడ్డాయి. ఒకటి లారెన్స్ బ్లాక్ 1961లో 'మోనా' అన్న పేరుతో రాసిన నవల, 'గ్రిఫ్టర్స్ గేమ్'గా పేరు మార్చుకుని వచ్చింది. రెండవది ఫిలిప్స్ స్వయంగా రాసిన కొత్త నవల 'ఫేడ్ టు బ్లాండ్'. పాతదీ కొత్తదీ ఒకే నెలలో, ఒకే సైజులో, ఒకే తరహా అట్టతో రావడం కాకతాళీయం కాదని నా నమ్మకం. మొదటి అడుగులోనే వాళ్లు తమ ఉద్దేశం చెప్పేశారు.

సాధారణంగా పాత పుస్తకాన్ని తిరిగి అచ్చువేసేవారు దానికి పెద్ద పీఠిక తగిలించి, అట్ట మీద 'అమూల్య గ్రంథం' అన్న మాట వేసి, చదవడానికి భయపడేంత గౌరవం కల్పిస్తారు. వీళ్లు ఆ పని చేయలేదు. యాభై ఏళ్ల కిందట బస్టాండులోనూ మందుల దుకాణంలోనూ తిరిగే ఇనుప స్టాండు మీద ఎలా దొరికేదో, దాదాపు అలాగే పాఠకుడి చేతికి ఇచ్చారు. ప్రతి పుస్తకానికీ హెచ్‌సీసీ-001 నుంచి వరుస సంఖ్య వేయడం కూడా ఆ కాలపు అలవాటే.

అయితే అసలు పని అక్కడ లేదని నా అభిప్రాయం. 'ద పోస్ట్‌మ్యాన్ ఆల్వేస్ రింగ్స్ ట్వైస్' రాసిన జేమ్స్ ఎం. కేన్ 1977లో చనిపోయారు. ఎనభై ఏళ్లు దాటాక ఆయన 'ద కాక్‌టెయిల్ వెయిట్రెస్' అనే నవల రాశారని, అది అచ్చు కాలేదని ఆర్డైకి రచయిత మాక్స్ అలన్ కాలిన్స్ ద్వారా తెలిసింది. ఆ రాతప్రతి కోసం ఆర్డై తొమ్మిదేళ్లు వెతికారు. చివరికి అది కేన్‌కు హాలీవుడ్‌లో ఏజెంటుగా ఉన్న వ్యక్తి పాత కాగితాల్లో దొరికింది. రచయిత పోయిన ముప్పై అయిదేళ్లకు, 2012లో, నవల వెలువడింది. అట్టబొమ్మ ఎవరైనా వేయించగలరు. ఉందో లేదో తెలియని కాగితాల కట్ట కోసం తొమ్మిదేళ్లు తిరగడం ఎవరు చేస్తారు? ఈ పాత నవలలను మళ్లీ తేవడంలో ఏది అసలైన శ్రమ, ఏది పై మెరుగు అన్నది మీరందరూ ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలని ఉంది.

వేపచెట్టు

ఏటిగట్టు గారూ, మంచి చర్చ ఎత్తుకున్నారు. ముందుగా ఒక మాట సరిచేస్తాను, ఎందుకంటే తరువాతి చర్చ అంతా దాని మీద ఆధారపడి ఉంటుంది. 'పల్ప్' అన్న పేరు నిజానికి పుస్తకాలది కాదు, పత్రికలది. శుద్ధి చేయని కలప గుజ్జుతో చేసిన చవక కాగితం మీద అచ్చయ్యే కథల పత్రికలవి. వాటిలో నేర కథలకు ప్రసిద్ధమైనది 1920లో మొదలైన 'బ్లాక్ మాస్క్'. డాషియల్ హామెట్, రేమండ్ చాండ్లర్ అక్కడే పేరు తెచ్చుకున్నారు.

హార్డ్ కేస్ వాళ్లు తిరిగి తెస్తున్నది ఎక్కువగా ఆ పత్రికల తరువాతి తరం సాహిత్యాన్ని. ఫాసెట్ అనే సంస్థ 1950లో గోల్డ్ మెడల్ పుస్తకాలు ప్రారంభించింది. అంతవరకూ చిన్న సైజు పేపర్‌బ్యాక్ అంటే ముందు గట్టి అట్టతో వచ్చిన పుస్తకానికి చవక ముద్రణ మాత్రమే. ఫాసెట్ అప్పటికే మరొక సంస్థ పేపర్‌బ్యాక్‌లను పంపిణీ చేస్తూ ఉండేది. తాను సొంతంగా అలాంటి పునర్ముద్రణలు వేయకూడదని ఆ ఒప్పందంలో ఉండటంతో, ఎక్కడా అచ్చు కాని కొత్త నవలలను నేరుగా పేపర్‌బ్యాక్‌గా వేయడం మొదలుపెట్టింది. వెల పాతిక సెంట్లు. అమ్ముడైన ప్రతులను బట్టి కాక అచ్చువేసిన ప్రతులను బట్టి రచయితకు డబ్బు ఇచ్చేది. పుస్తకం అమ్ముడుపోతుందో లేదోనన్న భయం లేకుండా ఇంటి అద్దె కట్టుకోగలిగిన రచయితలు ఒక్కసారిగా పదుల సంఖ్యలో తయారయ్యారు. జాన్ డి. మెక్‌డొనాల్డ్, చార్లెస్ విలియమ్స్, గిల్ బ్రూయర్, డే కీన్ అందరూ ఆ నీడలో పెరిగినవారే.

ఆ చవక కాగితంలో కలపలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం అలాగే మిగిలి ఉంటుంది. గాలీ వెలుతురూ తగిలేకొద్దీ అది పసుపు రంగుకు తిరిగి, మడత పెడితే అప్పడంలా విరుగుతుంది. కాబట్టి ఈ పుస్తకాలను ఎవరో ఒకరు మళ్లీ అచ్చువేయకపోతే అవి గ్రంథాలయంలో భద్రంగా ఉంటాయిలే అన్న ధీమాకు చోటు లేదు.

అట్టబొమ్మ

నేను పుస్తకాలకు ముఖచిత్రాలు వేసి జీవిస్తున్నదానిని. 'అట్టబొమ్మ ఎవరైనా వేయించగలరు' అన్న మాటను ఒప్పుకోలేకపోతున్నాను.

రాబర్ట్ మెగినిస్ అనే చిత్రకారుడు 1950ల చివర మొదలుపెట్టి వెయ్యికి పైగా పేపర్‌బ్యాక్ అట్టలు వేశారు. 'బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫానీస్' సినిమా పోస్టరు మీద పొడవాటి సిగరెట్టు గొట్టంతో కనిపించే స్త్రీ ఆయన వేసిన బొమ్మే. తరువాతి దశాబ్దాలలో ప్రచురణకర్తలు చేతితో వేసిన బొమ్మలను వదిలి ఫోటోలకూ, పెద్ద అక్షరాలకూ మళ్లారు. ఆ విద్య తెలిసినవాళ్లకు పుస్తకాల పని తగ్గిపోయింది. హార్డ్ కేస్ వాళ్లు ఎనభైకి దగ్గరపడుతున్న మెగినిస్ దగ్గరకు వెళ్లి మళ్లీ అట్టలు వేయించారు. ఆయన 2025లో, తొంభై తొమ్మిదో ఏట కన్నుమూశారు. ఆయన కంటే చాలా చిన్నవారైన గ్లెన్ ఆర్బిక్ కూడా అదే సంప్రదాయంలో వీళ్లకు ఎన్నో అట్టలు వేసి 2015లో మరణించారు. అంటే ఇక్కడ బతికినవి నవలలు మాత్రమే కాదు, ఒక చేతిపని కూడా.

ఆ అట్టలు దగ్గరగా చూసినవాళ్లకు ఒక సంగతి తెలుస్తుంది. మంచి అట్టలో నేరం కనిపించదు. నేరానికి ఒక్క క్షణం ముందో, ఒక్క క్షణం తరువాతో కనిపిస్తుంది. తలుపు దగ్గర ఆగిన మనిషి, సగం తెరిచిన పెట్టె, ఎవరివైపో తిరిగిన చూపు. కొనేవాడు ఆ ఒక్క క్షణాన్ని పూరించుకోవడానికే పుస్తకం తెరుస్తాడు. రంగులను నీడలోకి తోసి, ముఖం మీద మాత్రమే వెలుతురు పడేలా చేయడానికి ఎన్ని రోజులు పడుతుందో నాకు తెలుసు. దానిని పై మెరుగు అని ఎలా అనుకుంటాం?

మల్లెపందిరి

అట్టబొమ్మ గారి నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది. అయినా మీరు వర్ణించిన అట్టల మీద ఆ 'ఒక్క క్షణం'లో ఎప్పుడూ ఒక స్త్రీ శరీరమే ఎందుకు ఉంటుంది? అదీ సగం జారిన దుస్తులతో. నేను ఈ మాలికలో ఏడెనిమిది పుస్తకాలు చదివాను. ఇంట్లో పిల్లలు ఉన్నప్పుడు అట్టకు కాగితం చుట్టి చదివాను. లోపల కథ చాలా బాగున్న పుస్తకానికి కూడా అలా చేయవలసి రావడం నాకు బాధ కలిగించింది.

పాతదాన్ని ఉన్నది ఉన్నట్టు తెచ్చామనే వాదన వెనుక ఒక ఎంపిక దాగి ఉంటుంది. ఆ రోజుల్లో నేర నవలలు రాసిన స్త్రీలు కొద్దిమంది కాదు. హార్డ్ కేస్ కంటే ఒక ఏడాది ముందే, 2003లో, న్యూయార్కులోని ఫెమినిస్ట్ ప్రెస్ ఆ కాలపు రచయిత్రుల పల్ప్ నవలలను మాత్రమే తిరిగి వేసే మాలికను ప్రారంభించింది. డొరోతీ బి. హ్యూస్, వెరా కాస్‌పరీ, ఎవెలిన్ పైపర్ అలా మళ్లీ వెలుగులోకి వచ్చారు. హ్యూస్ 1947లో రాసిన 'ఇన్ ఎ లోన్లీ ప్లేస్' చదవండి. హంతకుడి మనసు పక్కనే కూర్చోబెట్టి కథ నడుపుతూ, అతని చుట్టూ ఉన్న ఇద్దరు స్త్రీలు అతన్ని ఎలా కనిపెడుతున్నారో అతనికే తెలియకుండా మనకు తెలియజేస్తుంది. మోసగత్తె అయిన అందగత్తె, ఆమె వలలో పడిన అమాయకుడు అన్న పాత పోతను ఆ కాలంలోనే, లోపలి నుంచే విరగ్గొట్టిన నవల అది. అలాంటివి ఉండగా మన కంటికి 'పల్ప్' అంటే ఒకే రకం కనబడుతోందంటే, తిరిగి తెచ్చేవారు ఏ అరలోంచి తీస్తున్నారన్నదే కారణం.

రాత్రిబండి

నేను 2006లో చదువు కోసం న్యూజెర్సీ వచ్చాను. రోజూ రైలు ప్రయాణం. స్టేషనులోని చిన్న పుస్తకాల కొట్టులో ఇవి ఏడు డాలర్ల లోపు దొరికేవి, కోటు జేబులో పట్టేవి. ఇంగ్లిషు నవల అంటే భయం ఉన్న నాకు ఆ భయం పోగొట్టినవి ఈ పుస్తకాలే. చిన్న వాక్యం, గట్టి క్రియ, రెండు వందల చిల్లర పుటలు, దిగే స్టేషను వచ్చేలోపు ఒక అధ్యాయం.

ఆ చిన్న సైజును అచ్చువేసి పంపిణీ చేసినది డోర్చెస్టర్ అనే సంస్థ. 2010లో అది చిన్న సైజు పేపర్‌బ్యాక్‌లను మానేస్తున్నట్టు ప్రకటించింది. అక్కడితో కథ ముగిసిందనే అనుకున్నాను. 2011లో లండన్‌కు చెందిన టైటన్ బుక్స్ ఈ మాలికను అందుకుంది. అప్పటి నుంచి ఎక్కువగా పెద్ద సైజులో, కొన్ని గట్టి అట్టతో వస్తున్నాయి. పుస్తకం నిలబడింది, కానీ జేబులోంచి బయటికి వచ్చేసింది. నా దృష్టిలో ఇది చిన్న మార్పు కాదు. ఈ నవలల నిడివి, వేగం, అధ్యాయాల కొలత అన్నీ ఆ సైజు కోసమే తయారైనవి.

స్టీఫెన్ కింగ్ సంగతి కూడా చెప్పాలి. తమ మాలిక గురించి అట్ట మీద వేసుకోవడానికి ఒక మంచి మాట రాసి ఇమ్మని ఆర్డై ఆయనను అడిగారు. ఆయన మాట రాయలేదు, ఏకంగా నవల రాసి ఇచ్చారు. అదే 2005లో వచ్చిన 'ద కొలరాడో కిడ్'. 2013లో 'జాయ్‌ల్యాండ్' ఇచ్చినప్పుడు, పాఠకులు దుకాణానికి వెళ్లి కాగితం పుస్తకమే కొనాలన్న పట్టుదలతో మొదట ఈ-బుక్ రానివ్వలేదు. ఆ రెండు పుస్తకాల కోసం వచ్చిన పాఠకులలో కొందరైనా పక్కనున్న డేవిడ్ గూడిస్‌నో, చార్లెస్ విలియమ్స్‌నో చేతిలోకి తీసుకుని ఉంటారు. నేను అలాగే గూడిస్‌ను కలిశాను.

ఏటిగట్టు

మల్లెపందిరి గారి మాటలు రెండు రోజులు నాతోనే ఉన్నాయి. అట్టల విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. ఎంపిక విషయంలో ఒక ఉదాహరణ మీ ముందు పెడతాను.

పెరీ మేసన్ సృష్టికర్త ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్, ఏ. ఏ. ఫెయిర్ అనే మారుపేరుతో బెర్తా కూల్ అనే స్త్రీ నడిపే డిటెక్టివ్ సంస్థ కథలు రాశారు. బెర్తా వయసు మళ్లిన, లావుపాటి, డబ్బు విషయంలో ఎవరినీ వదలని మనిషి. ఆ వరుసలో రెండవదిగా 1939లో రాసిన 'ద నైఫ్ స్లిప్డ్'ను ప్రచురణకర్త తిప్పిపంపారు. బెర్తా సిగరెట్లు తాగుతుందని, తిడుతుందని, ఎదుటివారిని మోసం చేయడానికి వెనకాడదని అభ్యంతరం. ఒక మగ డిటెక్టివు ఇవన్నీ చేస్తే ఆ రోజుల్లో ఎవరూ ఆపలేదు. ఆ రాతప్రతి డెబ్బై ఏడేళ్లు మూలన పడి ఉండి, 2016లో హార్డ్ కేస్ ద్వారా మొదటిసారి అచ్చయింది. కేన్ ఆఖరి నవల కూడా యువ వితంతువు తన కథను తానే చెప్పుకునే నవల.

అయినా మీ ప్రశ్న అలాగే నిలుస్తుంది. బెర్తా లాంటి స్త్రీని తవ్వితీసిన సంస్థ, ఆమె లాంటి మనిషిని అట్ట మీద పెట్టడానికి ఎందుకు వెనకాడాలి?

అచ్చుతప్పు

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రూఫులు దిద్ది విశ్రాంతి తీసుకుంటున్నాను. మీరందరూ దాటి వెళ్లిపోయిన ఒక విషయం దగ్గర నన్ను కాసేపు ఆగనివ్వండి.

'ద కాక్‌టెయిల్ వెయిట్రెస్' దొరికింది అన్నారు. నిజానికి దొరికినది ఒక్క నవల కాదు. కేన్ దానిని ఎన్నోసార్లు తిరగరాశారు. ఒక ప్రతి ఏజెంటు కాగితాల్లో దొరికితే, మరికొన్ని రూపాలు, విడి పుటలు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్న ఆయన పత్రాలలో బయటపడ్డాయి. ఏది ముందు రాసినది, ఏది ఆయన చివరికి ఖాయం చేసుకున్నది అన్నది ఊహించుకుని, ఆర్డై వాటిని కలిపి ఒక పాఠాన్ని సిద్ధం చేశారు. ఈ సంగతి పుస్తకం చివర తానే నిజాయితీగా రాశారు కూడా. అందుకు ఆయనను మెచ్చుకుంటాను. కానీ మనం చదివేది కేన్ అచ్చుకు ఇచ్చిన నవల కాదని, ఆయన మాటలతోనే మరొకరు కూర్చిన నవలని పాఠకుడు గుర్తుంచుకోవాలి.

ప్రూఫు దిద్దేవాడికి ఒక నియమం ఉంది. రచయిత బతికి ఉంటే అడుగు, లేకపోతే ముట్టుకోకు. ఒకసారి నేను ఆ నియమం తప్పాను. చనిపోయిన ఒక కథకుడి సంపుటిలో పాత్ర పేరు రెండుచోట్ల రెండు రకాలుగా ఉంటే, పొరపాటనుకుని ఒకటి చేశాను. తరువాత కథను నాలుగోసారి చదివినప్పుడు తెలిసింది, ఆ తేడాలోనే కథ ఉంది. అప్పటికి ఫారాలన్నీ, అంటే పదహారేసి పుటల అచ్చు కాగితాలన్నీ, అచ్చయిపోయాయి. ఆ సంపుటి ఇప్పటికీ నా బీరువాలో ఉంది, తెరవలేను.

డొనాల్డ్ వెస్ట్‌లేక్ విషయం మరింత కష్టమైనది. ఆయన 2008 డిసెంబరు 31న చనిపోయారు. 1960ల మొదట్లో రాసి అచ్చు కాక పక్కన పడిపోయిన 'మెమరీ' 2010లో వచ్చింది. ఆ నవల ఉన్న సంగతి ఆర్డైకి చెప్పినది వెస్ట్‌లేక్ పాత మిత్రుడు లారెన్స్ బ్లాక్. దెబ్బ తగిలి జ్ఞాపకశక్తి జారిపోతున్న ఒక నటుడు తన పాత జీవితాన్ని వెతుక్కుంటూ తిరిగే కథ అది. హాస్యానికి పేరుపడ్డ రచయిత ఇంత చీకటి నవల రాశారా అని నిర్ఘాంతపోయాను. దానిని బయటికి తేవడం మంచి పనే. కానీ 2012లో వచ్చిన 'ద కామెడీ ఈజ్ ఫినిష్డ్' అలాంటిది కాదు. మార్టిన్ స్కోర్సెసీ తీసిన 'ద కింగ్ ఆఫ్ కామెడీ' సినిమాకు దగ్గరగా ఉందని జనం అనుకుంటారేమోనని వెస్ట్‌లేక్ దానిని తానే ఆపుకున్నారు. రాతప్రతి నకలు మాక్స్ అలన్ కాలిన్స్ దగ్గర ఉండటం వల్ల బతికింది. ఒకరు వద్దని తిప్పికొట్టిన పుస్తకం వేరు, రచయిత తానే వద్దనుకున్న పుస్తకం వేరు. రెండింటికీ 'దొరికిన నిధి' అన్న ఒకే మాట వాడటం నాకు సమ్మతం కాదు.

రాత్రిబండి

అచ్చుతప్పు గారూ, మీరన్న తేడాను గౌరవిస్తూనే ఒక మాట. వెస్ట్‌లేక్ ఆ నవల బాగాలేదని ఆపలేదు, పోలిక వస్తుందన్న సంకోచంతో ఆపారు. ముప్పై ఏళ్ల తరువాత ఆ సినిమాతో పోటీ అన్న ప్రశ్నే లేదు. కారణం పోయాక నిషేధం మిగలాలా? 'జురాసిక్ పార్క్' రాసిన మైకేల్ క్రైటన్ మెడికల్ విద్యార్థిగా జాన్ లాంగ్ అనే మారుపేరుతో రాసిన నవలలు చూడండి. ఆయన బతికి ఉండగానే హార్డ్ కేస్‌కు అనుమతి ఇచ్చి, పాఠం తానే సరిచూసి, అసలు పేరు మాత్రం వేయవద్దన్నారు. ఆయన బతికి ఉన్నంత కాలం వాళ్లు ఆ మాట నిలబెట్టారు. రచయితను అడిగే అవకాశం ఉన్నప్పుడు వీళ్లు అడిగారు.

అచ్చుతప్పు

అడిగినచోట నాకు అభ్యంతరం లేదు. నా మాట అడగలేకపోయిన చోటు గురించే.

కూడలి

చెన్నైలో ఉంటున్నాను కాబట్టి ఇక్కడి సంగతి చెబుతాను. బ్లాఫ్ట్ అనే చిన్న ప్రచురణ సంస్థ 2008లో తమిళ పల్ప్ కథల సంకలనం ఒకటి ఇంగ్లిషులో తెచ్చింది. అనువాదం ప్రీతమ్ కె. చక్రవర్తి, సంపాదకత్వం రాకేశ్ ఖన్నా. రాజేశ్ కుమార్, శుభ, పట్టుక్కోట్టై ప్రభాకర్ లాంటివాళ్లు టీకొట్టు పక్కన వేలాడే చిన్న పుస్తకాలలో రాసిన కథలు అవి. పాత అట్టల బొమ్మలను లోపల రంగులలో వేశారు. ఆ తరువాత సురేందర్ మోహన్ పాఠక్ హిందీ నవలలు రెండు, ఇబ్నే సఫీ ఉర్దూ నవలలు నాలుగు అనువాదం చేయించారు. ఇబ్నే సఫీని ఇంగ్లిషులోకి తెచ్చినది శంసుర్ రహ్మాన్ ఫారూఖీ అంతటి విమర్శకుడు.

ఆ సంకలనం నాకు ఎంతో ఇష్టం. అయితే ఒక తేడా గమనించాలి. హార్డ్ కేస్ పుస్తకాన్ని అదే భాష పాఠకుడికి తిరిగి ఇచ్చింది. బ్లాఫ్ట్ వేరే భాష పాఠకుడికి పరిచయం చేసింది. తమిళ కొట్టులో ఆ కథ నవ్యంగానూ లేదు, వింతగానూ లేదు, అలవాటుగా ఉంది. ఇంగ్లిషులోకి రాగానే అది ఒక వింత వస్తువు అయింది. తెలుగులో ఎవరైనా పూనుకుంటే మొదటి దారిలో వెళ్లాలని నా కోరిక.

ఫ్రాన్సు సంగతి కూడా ఇక్కడికి వర్తిస్తుంది. అమెరికన్ నేర నవలల రచయిత జిమ్ థాంప్సన్ 1977లో చనిపోయేనాటికి ఆయన పుస్తకం ఒక్కటి కూడా అమెరికాలో అచ్చులో లేదు. ప్యారిస్‌లో గలిమార్ సంస్థ 1945లో మొదలుపెట్టిన 'సెరీ నువార్' మాలిక మాత్రం ఆయనను నెత్తిన పెట్టుకుంది. వెయ్యవ పుస్తకంగా ఆయన నవలనే వేసింది. ఆ తరువాతే, 1984లో కాలిఫోర్నియాలో బ్యారీ గిఫర్డ్ 'బ్లాక్ లిజార్డ్' ప్రారంభించి థాంప్సన్‌ను సొంత దేశానికి తిరిగి తెచ్చారు. హార్డ్ కేస్ నడిచిన బాట అక్కడ పడింది.

దస్తావేజు

వృత్తిరీత్యా న్యాయవాదిని. హక్కుల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతాను, ఎందుకంటే ఈ పనిలో సగం అక్కడే ఆగిపోతుంది.

అమెరికాలో 1964కు ముందు అచ్చయిన పుస్తకానికి ఇరవై ఎనిమిదో ఏట హక్కును పునరుద్ధరించుకోవలసి ఉండేది. దరఖాస్తు పెట్టకపోతే ఆ పుస్తకం అందరిదీ అయిపోయేది. చవక నవలల రచయితలు చాలామంది ఆ సంగతి పట్టించుకోలేదు, కొందరు అప్పటికి బతికిలేరు. అందువల్ల అక్కడ ఎన్నో పాత నవలలను ఎవరైనా వేసుకోవచ్చు. మన చట్టంలో అలాంటి మెలిక లేదు. రచయిత జీవితకాలం, ఆ పైన అరవై సంవత్సరాలు. 1950లు, 60లలో రాసిన మన డిటెక్టివ్ నవలల్లో ఎక్కువ భాగం ఇంకా వారసుల ఆస్తే. అదీ ఎవరి ఆస్తి? పాత పుస్తకం తెరిస్తే 'సర్వహక్కులు ప్రకాశకులవి' అని ఉంటుంది. ఆ ప్రకాశకుల సంస్థ ఇప్పుడు ఉండదు. రచయితకూ వారికీ మధ్య రాతకోతలు జరిగాయో, నోటిమాటతో డబ్బు చేతులు మారిందో తెలిసినవాళ్లు ఉండరు.

దీనికి దారి లేకపోలేదు. రచయిత మరణించినా, ఆచూకీ తెలియకపోయినా, ఆ రచన జనానికి అందకుండా ఉండిపోతే, దినపత్రికలో ప్రకటన ఇచ్చి, తగిన విచారణ జరిపాక ప్రచురణకు లైసెన్సు కోరే వీలును కాపీరైటు చట్టంలోని 31ఏ సెక్షను కల్పిస్తోంది. కానీ రెండు వందల పుటల పాత డిటెక్టివ్ నవల కోసం అంత ఖర్చు పెట్టుకునే ప్రచురణకర్త నాకు ఇంతవరకూ తారసపడలేదు.

వేపచెట్టు

దస్తావేజు గారు మన దగ్గరకు తీసుకొచ్చారు కాబట్టి నేనూ చెబుతాను. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు నాకు చదవడం నేర్పినవాళ్లు. మా ఊళ్లో అద్దె పుస్తకాల షాపులో రోజుకు పది పైసలు. టెంపోరావు గారివీ, విశ్వప్రసాద్ గారివీ కూడా అక్కడే చదివాను. ఆ షాపు మూసేటప్పుడు యజమాని నా మీద అభిమానంతో ఒక సంచెడు పుస్తకాలు ఇచ్చారు. ఇప్పుడు వాటి కాగితం పరిస్థితి నేను పైన రాసినట్టే ఉంది.

అద్దె పుస్తకాలకు మరో జబ్బు ఉంది. ఎక్కువ చేతులు మారిన పుస్తకంలో మొదట ఊడేది అట్ట, తరువాత ఊడేది చివరి ఫారం. డిటెక్టివ్ నవలకు చివరి ఫారం పోతే ఏమి మిగులుతుంది? నా సంచిలో ఒక నవల 176వ పుట దగ్గర ఆగిపోయింది. అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టారు, హంతకుడి పేరు చెప్పబోతున్నారు, అంతే. పధ్నాలుగేళ్ల వయసు నుంచి ఇప్పటివరకూ నాకు ఆ పేరు తెలియదు.

అట్టబొమ్మ

వేపచెట్టు గారూ, ఆ సంచిలో అట్టలు మిగిలినవి ఉంటే దయచేసి వెలుతురులో ఫోటోలు తీసి పంపండి. వాటి మీద చిత్రకారుల సంతకాలు కింది మూలన చిన్నగా ఉంటాయి. రచయితల పేర్లయినా మనకు గుర్తున్నాయి, ఆ చిత్రకారుల పేర్లు చెప్పేవాళ్లు లేరు. మల్లెపందిరి గారు కాగితం చుట్టవలసిన అవసరం లేని అట్టను ఒకదానికి నేను వేయాలని ఉంది. డబ్బు ప్రసక్తి లేదు.

మల్లెపందిరి

తప్పకుండా వేయండి. గదిలో కూర్చోబెట్టిన వాళ్లందరినీ వేయండి, ఎవరి ముఖం మీదా వెలుతురు పడకుండా. నేను ఆ పాఠాన్ని కంపోజు చేస్తాను, అచ్చుతప్పు గారు దిద్దుతానంటే.

అచ్చుతప్పు

దిద్దుతాను. అక్షరం కూడా మార్చను.

కూడలి

వేపచెట్టు గారూ, మీరు చెప్పిన నవల పేరు వేరుగా సందేశంలో పంపారు కదా, మా నాన్నగారి పెట్టెలో అదే పుస్తకం దొరికింది. ఆయన అద్దెకు తీసుకున్నది కాదు, కొన్నది. అట్ట, మొదటి పుటలు చెక్కుచెదరలేదు. ఆత్రంగా చివరికి తిప్పాను. నా ప్రతి కూడా 176వ పుట దగ్గరే ఆగింది. చిరిగిన ఆనవాలు లేదు, కుట్టు బిగువుగానే ఉంది.

అచ్చుతప్పు

అయితే అది పాఠకుల చేతుల్లో ఊడినది కాదు. 176 అంటే పదహారు పుటల చొప్పున సరిగ్గా పదకొండు ఫారాలు. పన్నెండో ఫారం బైండింగులోనే కలవలేదు. ఆ ముద్రణలో కొన్ని ప్రతులు అలాగే బయటికి వెళ్లి ఉంటాయి. ఇద్దరూ ముఖపత్రం వెనుక పుటలో ఏ ముద్రణ అని ఉందో చూడండి.

వేపచెట్టు

నాది రెండవ ముద్రణ.

కూడలి

నాదీ రెండవ ముద్రణే. మొదటి ముద్రణ ప్రతి కోసం వచ్చే ఆదివారం మూర్ మార్కెట్ పక్కన పాత పుస్తకాల వాళ్లను అడిగి వస్తాను. దస్తావేజు గారు ఈలోగా వారసుల ఆచూకీ కనుక్కుంటే మంచిది.

దస్తావేజు

రేపే మొదలుపెడతాను. ప్రకాశకుల చిరునామా ఉన్న పుటను మాత్రం ఫోటో తీసి పంపండి.